కరపత్రానికి రెండో వైపు

"మొత్తం పంచేశారా?" అత్తగారు మేడమెట్ల మీదే కూలబడింది. "ఒక్క కట్టయినా మిగల్లేదా?"

"ఒక్క కాగితం కూడా మిగల్లేదు అత్తయ్యా. నిన్న సాయంత్రానికే ఇంటింటికీ వెళ్లిపోయాయి. రెండు పార్టీలవీ కలిపి పదివేలు."

"బాగుంది! పదివేల ఇళ్లకి మన పరువు మనమే మోసుకెళ్లి పంచిపెట్టామన్నమాట!"

పొద్దున ఆరున్నరకే ఎదురుగా ఉన్న సెలూన్ ఆయన నవ్వు ఆపుకోలేక ఆపుకోలేక తెచ్చిచ్చిన కరపత్రం ఇంకా కోడలి చేతిలోనే ఉంది. ముందువైపు గడప పార్టీ నాయకుడు చేతులు కట్టుకుని గంభీరంగా నిలబడ్డాడు. ఆయన కింద పెద్ద అక్షరాల్లో "ముందు మన గడప" అని ఉంది. అంతవరకూ అంతా సవ్యమే. వెనక్కి తిప్పితేనే వచ్చింది చిక్కు. అక్కడ పందిరి పార్టీ మాట ఉంది. "దాహానికి సరిహద్దు లేదు. ఆదివారం 'నీళ్లిద్దాం' అని ఓటెయ్యండి."

మేడ కిందే ఉన్న వాళ్ల అచ్చు ప్రెస్సులో ఫోను మోగింది. ఇద్దరూ దాని వైపు చూశారు కానీ ఎవరూ లేవలేదు. ఆగిపోయి, ఊపిరి పీల్చుకున్నట్టు క్షణమాగి, మళ్లీ మోగింది.

ఇంత రభసలోనూ మామగారు కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని తెల్లకాగితం మీద ఎర్ర పెన్సిలుతో ఏదో రాస్తూనే ఉన్నారు. రాయడం, కొట్టేయడం, మళ్లీ రాయడం. బుధవారం నుంచీ ఒంటి మీదున్న నీలం చొక్కాయే ఇవాళా వేసుకున్నారు.

"ఏమండీ, మీతోనే! ఏమిటి రాస్తున్నారు?"

"సవరణ. మన చేతి మీదుగా తప్పు మాట ఊళ్లోకి వెళ్తే, సరైన మాట కూడా మన చేతి మీదుగానే వెళ్లాలి. ఇవాళ మధ్యాహ్నానికల్లా అచ్చువేసి ఉచితంగా పంచాలి."

"రాసే ముందు ఆ చొక్కా విప్పి ఇటివ్వండి. మూడు రోజులైంది, ఇంకు వాసనతో దగ్గరికి రానివ్వడం లేదు. బట్టలు నానబెట్టాను."

"రేపిస్తాలే."

"నిన్నా ఇదే మాటన్నారు!"

మామగారు తలెత్తలేదు. కుడిచేత్తో పెన్సిలు పట్టుకుని, ఎడమచేత్తో చొక్కా జేబు సర్దుకున్నారు.

సంగతి ఊళ్లో పసిపిల్లలకి కూడా తెలిసిందే, అయినా ఒకసారి చెప్పుకుంటే తప్పులేదు. ఊరికి తూర్పున నది. నది మీద వంతెన. వంతెన సగం దాకా మన దేశం, మిగతా సగం వాళ్ల దేశం. పదిరోజుల కిందటి వరద ఈ ఒడ్డున నాలుగు వీధులు తడిపి వెళ్లిపోయింది కానీ, అవతలి ఒడ్డున నీళ్లు శుద్ధిచేసే కేంద్రాన్నే ఊడ్చేసింది. పక్కనే అంత నది పారుతుంటే తాగడానికి గుక్కెడు నీళ్లు లేవు. ఈ ఒడ్డునుంచి వంతెన మీదుగా గొట్టం వేసి, రోజుకి రెండు గంటలు, మూడు నెలలపాటు నీళ్లివ్వాలా వద్దా అని ఆదివారం ఊరంతా ఓటేయబోతోంది. ఇవ్వాలంటే ఈ మూడు నెలలూ ఇక్కడి కుళాయిలు రెండు గంటలు తక్కువ వస్తాయి. అదీ పేచీ.

పందిరి పార్టీ ఇద్దామంటోంది. గడప పార్టీ వద్దంటోంది. ఊళ్లో ఉన్న ఒకే ఒక్క ప్రెస్సు ఇద్దరికీ కరపత్రాలు వేస్తుంది.

మామగారిది గడప పార్టీ. నిన్నా మొన్నా చేరినవారు కాదు, నలభై ఏళ్లుగా ఆ పార్టీలో ఉన్న మనిషి. పార్టీ ఆఫీసులో గోడవారగా ఆయనకంటూ ఒక కుర్చీ ఉంది, ఆయన రాకపోయినా అందులో ఇంకొకళ్లు కూర్చోరు. కోడలు పందిరి మనిషి. పెళ్లయి వచ్చిన కొత్తలోనే ఆ ముక్క చెప్పేసింది. "మెషిన్ దగ్గర మాత్రం మనిద్దరిదీ ఒకటే పార్టీ అమ్మాయ్" అన్నారు ఆయన. ఈ ఎనిమిదేళ్లలో ఆ మాట ఒక్కసారీ తప్పలేదు. ఇవాళ తప్పేలా ఉందని కోడలికి దిగులు.

ఫోను ఇంక ఊరుకునేలా లేదు. కోడలు వెళ్లి తీసింది.

"ప్రెస్సేనా? నేనమ్మా, బస్సు కండక్టర్ని. రిటైరయ్యానులే. మీరేసిన కాగితం చూశాను."

కోడలు తిట్లకి సిద్ధపడింది. ఈయన గడప పార్టీ జెండా ఇంటిమీద నుంచి దించని మనిషి.

"చెప్పండి బాబాయిగారూ."

"మా నాయకుడు ఇంత మనసున్నవాడని నాకు తెలీదమ్మా! నీళ్లిద్దామని నాకు మొదట్నుంచీ ఉంది. ముప్పయ్యేళ్లు ఆ వంతెన మీద బస్సు నడిచింది, ఆ మొహాలన్నీ నాకు తెలిసినవే కదా. కానీ పార్టీ వద్దంటుంటే పైకి ఏమని అంటాం? నోరు కుట్టుకుని కూర్చున్నా. ఇవాళ కాగితం వెనక్కి తిప్పి చూసేసరికి నా నెత్తిమీద బరువు దిగినట్టయింది. ఇంకో వంద కాగితాలుంటే ఇవ్వు, మా వీధిలో నేనే పంచుతా!"

"అయిపోయాయండీ" అని మాత్రం అనగలిగింది కోడలు.

ఆ తరవాత ఫోను మీద ఫోను. పాలడిపో ఆవిడ గడప. ఇస్తానంటోంది. తాళాలు బాగుచేసే ఆయన గడప. మూడు నెలలేగా, బిందె నిండా పట్టి పెట్టుకుంటే సరి అంటున్నాడు. ఒక ముసలావిడ అయితే, పార్టీ ఒప్పుకుందని తెలిసి తన కొడుకూ కోడలూ పదిరోజుల తరవాత ఒకే కంచంలో తిన్నంత సంబరంగా మాట్లాడుకుంటున్నారని చెప్పి, ఫోనులోనే ఏడ్చేసింది.

కోడలి మొహం వెలిగిపోతోంది. వెలగకుండా ఉంచాలని చూసింది కానీ ఆ పని తనవల్ల కాలేదు.

"చూశారా అత్తయ్యా? కండక్టరు బాబాయితో సహా వీళ్లంతా వద్దనేవాళ్లని ఇన్నాళ్లూ మనం లెక్కేశాం! వద్దన్నది పార్టీ. వీళ్లు కాదు. ఎవరైనా ఊ అంటే చాలని కాచుక్కూర్చున్నారు!"

అప్పుడే ఆమె సెల్లు మోగింది. భర్త. నీటిసరఫరాలో గొట్టాలు బిగించే పని అతనిది. ఓటు ఎలా పడినా సోమవారం ఉదయానికి గొట్టం సిద్ధంగా ఉండాలని నాలుగు రోజులుగా వంతెన మీదే ఉన్నాడు. అటునుంచి సుత్తుల మోత, నవ్వులు వినిపిస్తున్నాయి.

"ఏమోయ్, విన్నావా? ఇక్కడికి గడపవాళ్లు పదిమంది వచ్చారు! నిన్నటిదాకా వంతెన మొదట్లో నిలబడి మమ్మల్ని వెక్కిరించినవాళ్లే! వచ్చి రెంచీలు పట్టుకున్నారు. గొట్టం మధ్యగీత దాకా వచ్చేసింది. గీత అవతల వాళ్ల మనుషులు ఇంకో చివర పట్టుకుని నిలబడ్డారు. జానెడు, జానెడే ఎడం! ఊళ్లో ఏం జరిగింది?"

"ఇంటికొచ్చాక చెప్తానండీ" అంది కోడలు.

"ఏం? ఏమైంది?"

"ఏం లేదు. మీరు బిగించండి. గట్టిగా బిగించండి."

ఫోను పెట్టేసి ఇటు తిరిగేసరికి అత్తగారు ఎదురుగా నిలబడి ఉంది. చేతులు నడుం మీద.

"అమ్మాయ్. ఒక్క మాట అడుగుతాను, దాచకుండా చెప్పు. నువ్వు కావాలనే చేశావా?"

కిటికీ దగ్గర పెన్సిలు చప్పుడు ఆగింది.

"వెనకవైపు అచ్చు ప్లేటు తారుమారైందని ఆ సెలూన్ ఆయనకి కూడా అర్థమైంది" అంది అత్తగారు. "ఏడాదిగా ప్లేట్లు బిగించేది నువ్వే. మీ పందిరి గెలవాలని ఈయన నలభై ఏళ్ల మర్యాద మంటగలిపావా? పోనీ నేను కట్టలు కట్టేటప్పుడైనా తిప్పి చూడొద్దూ? చూడలేదు. నమ్మకం! ఇంట్లోవాళ్ల పని తిప్పి చూడటం ఏమిటని!"

విషయం ఇంతే. డబ్బు కలిసొస్తుందని ఒకే పెద్ద షీటు మీద ఇద్దరి కరపత్రాలూ పక్కపక్కన వేసి, తరవాత మధ్యకి కోస్తారు. ఎడమన గడప, కుడిన పందిరి. ముందువైపు అయ్యాక షీటు పక్కకి తిప్పి వెనకవైపు వేయాలి. తిప్పితే ఎడమ కుడి అవుతుంది కాబట్టి వెనక ప్లేటు మీద పందిరి ఎడమకి రావాలి, గడప కుడికి రావాలి. అది మరిచి ముందులాగే బిగిస్తే ఒకరి మొహం వెనక ఇంకొకరి మాట అచ్చవుతుంది.

అత్తగారికి తెలియనిది ఒకటుంది. బుధవారం ఆ ప్లేటు కోడలు బిగించలేదు.

ఆమె అన్నం తిని కిందికి దిగేసరికే ప్లేటు మెషిన్‌కి ఎక్కి ఉంది. మామగారు కళ్లకి మందు వేసుకుని వంతెన వైపు నడకకి వెళ్లిపోయారు. ఆ ప్రెస్సులో ఒక కట్టుబాటుంది. ఏ పని అయినా మొదటి షీటు తీసి, మామగారు అక్షరం అక్షరం చదివి, మూల ఎర్ర పెన్సిలుతో సంతకం పెట్టి మేకుకి గుచ్చాలి. ఆ సంతకం చూశాకే మెషిన్ తిరగాలి. ఆరోజు మేకుకి ముందువైపు షీటు ఉంది, వెనకవైపుది లేదు. గడప పార్టీ కార్యదర్శి పది నిమిషాలకోసారి ఫోను చేసి ప్రాణం తోడేస్తున్నాడు. మామగారు బిగించిన ప్లేటుని తను పరీక్ష చేయడమేమిటి, అంతకన్నా అవమానం ఉంటుందా అనుకుని కోడలు మెషిన్ వేసేసింది.

పాపం ఆయన చూపు ఇంత తగ్గిందా అని పొద్దుటినుంచీ ఆమెకి లోపల్లోపల నలిగిపోతోంది. ప్లేటు తారుమారు చేసిన ప్రింటర్ అని ఊళ్లో పేరొస్తే ఆయన మళ్లీ ఆ పెన్సిలు పట్టుకోరు.

"కావాలని చేయలేదత్తయ్యా" అంది నెమ్మదిగా. "పొరపాటు. నేనే తారుమారుగా బిగించాను."

మామగారు కళ్లజోడు పైనుంచి ఆమె వైపు ఒక్కసారి చూశారు. మళ్లీ కాగితం మీదికి వంగారు.

ఫోను మోగింది. ఈసారి దర్జీ. పందిరి పార్టీ మీటింగు ఎక్కడ జరిగినా ముందు వరసలో చప్పట్లు కొట్టే మనిషి. కోడలికి బాగా తెలుసు.

"అమ్మయ్య అనిపించిందమ్మా" అన్నాడాయన. "మన నాయకురాలు కూడా చివరికి దారికొచ్చింది."

"దారికి రావడమేమిటి అన్నయ్యా?"

"ఇదుగో, కాగితం నా చేతిలోనే ఉందిగా. ముందు ఆవిడ బొమ్మ. వెనక 'మన నీళ్లు మనకే చాలడం లేదు' అని ఎంత బాగా రాశారు! నాది మేడమీద ఇల్లు. మామూలు రోజుల్లోనే కుళాయి సన్నగా వస్తుంది. ఇస్తే నాకు చుక్క ఎక్కదు. కానీ పైకి అంటే మనవాళ్లు నన్ను మనిషిలా చూస్తారా? అందుకే అందరితో పాటు నేనూ చప్పట్లు కొట్టాను. ఇవాళ్టితో ఆ బాధ పోయింది. నేను వద్దనే వేస్తా."

కోడలు ఫోను పెట్టేసింది. పదివేలలో సగం గడపవైతే సగం పందిరివి. ఇంతసేపూ ఆమె ఒక సగాన్నే తలచుకుని మురిసిపోయింది.

"ఏమంటాడు దర్జీ?" అన్నారు మామగారు.

"వద్దంటాడట మావయ్యా." ఆమెకి ఏడుపొక్కటే తక్కువ. "మనవాళ్లలోనూ... మా వాళ్లలోనూ అలాంటివాళ్లున్నారట."

"ఎందుకట?"

"మేడమీదికి నీళ్లెక్కవట."

"నిజమే కదా" అన్నారు మామగారు. "ఆ ఇంటికి ఎక్కవు. మీ కరపత్రంలో ఆ ముక్కకి జవాబు లేదు. ప్రూఫు చదివినప్పుడే అనుకున్నాను."

కోడలికి ఒళ్లు మండింది. "మీ కరపత్రంలో అవతలి ఒడ్డున పసిపిల్లలు ఏం తాగాలో దానికి జవాబుందా?"

"లేదు. అదీ ప్రూఫు చదివినప్పుడే అనుకున్నాను."

ఇంతకన్నా మంచి తగాదా ఈ ఇంట్లో ఎనిమిదేళ్లలో జరగలేదు. అది సాగేదే కానీ, ఈలోగా బయట స్కూటరు ఆగింది. దానికన్నా ముందు గొంతు లోపలికొచ్చింది.

"పెద్దాయనా! ఉన్నారా!"

గడప పార్టీ పట్టణ కార్యదర్శి. ఊరంతా అతన్ని మైకు అంటుంది, ఎదురుగా తప్ప. వీధి చివర మాట్లాడితే ప్రెస్సులో కాగితాలు కదులుతాయని సెలూన్ ఆయన వేళాకోళం. ఇవాళ ఆ మొహం ఎర్రగా కందిపోయి ఉంది. చేతిలో నలిగిన కరపత్రం.

"తెల్లారినప్పట్నుంచి నా తల ప్రాణం తోకకొచ్చింది! నాయకుడు నన్ను పట్టుకుని దులిపేస్తున్నారు. మన ఓటర్లు సగంమంది ఇస్తామంటున్నారు పెద్దాయనా, సగంమంది! ఎక్కణ్నుంచి వచ్చింది వీళ్లకి ఈ బుద్ధి?"

"వాళ్లకి ముందునుంచీ ఉందేమో" అన్నారు మామగారు.

"ఉంటే నాకు తెలియదా? ఇంటింటికీ తిరిగేవాణ్ణి!"

"నువ్వు తిరిగి వాళ్లకి చెప్పి వస్తావు. అడిగి రావుగా."

మైకుకి ఆ మాట వినే ఓపిక లేదు. "ఆ రాస్తున్నది సవరణేనా? ఇటివ్వండి." బల్లమీద కాగితం లాక్కుని బయటికే చదివాడు. "'మా ప్రెస్సు నుంచి వెలువడిన కరపత్రాల్లో వెనకవైపు ఉన్న మాట ముందువైపు బొమ్మలోని వారిది కాదు.' బాగుంది. తరవాత ఏదీ? ఎందుకలా అయిందో రాయలేదే? ఇక్కడ 'పొరపాటు వల్ల' అని రాసి కొట్టేశారు. మళ్లీ రాసి మళ్లీ కొట్టేశారు."

"ఆ మాట కుదరలేదు."

"మంచిదే. కుదిరే మాట నేను చెప్తాను, రాయండి. 'పందిరి పార్టీకి అమ్ముడుపోయిన ప్రెస్సు కోడలు చేసిన కుట్ర.' అంతే. ఒక్క దెబ్బతో మనవాళ్లంతా వెనక్కొచ్చేస్తారు."

కోడలు నోరు తెరిచేలోపలే పక్కనుంచి అత్తగారు ముందుకొచ్చింది.

"ఏమన్నావు? అమ్ముడుపోయిందా? ఎవరు, మా అమ్మాయా? నా ఇంట్లో నిలబడి నా కోడల్ని అంతమాట అంటావా? దాని చేతులు చూడు, ఇంకు తప్ప ఇంకేమైనా అంటిందేమో చూడు! నీ కరపత్రాల కోసమే కదా మొన్న సరిగ్గా అన్నం కూడా తినకుండా దిగొచ్చింది!"

పావుగంట కిందట తనూ ఇంచుమించు ఇదే మాట అన్నానని ఆవిడకి గుర్తున్నట్టు లేదు. కోడలికి మాత్రం గుర్తుంది. అయినా కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మీరుండండి అత్తయ్యా." ఆమె మైకు ఎదురుగా వచ్చి నిలబడింది. "కుట్ర కాదు కార్యదర్శి గారూ. పొరపాటు. ప్లేటు నేనే తారుమారుగా బిగించాను. మొదటి షీటు మీద మావయ్య సంతకం లేకుండానే మెషిన్ వేశాను. ఆయనకి ఏ సంబంధమూ లేదు. అలాగే రాసుకోండి. నా సంతకం పెట్టిస్తాను."

"చూశారా పెద్దాయనా! తనే ఒప్పుకుంటోంది!"

"అబద్ధం చెబుతోంది" అన్నారు మామగారు.

ఆయన లేచి నిలబడ్డారు. కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు గదంతా వినిపించింది.

"ప్లేటు బిగించింది నేను. ఈ పిల్ల నన్ను కాయడానికి నెత్తినేసుకుంటోంది. నా చూపు పోయిందనుకుంటోంది."

మైకు గొంతు మొదటిసారి తగ్గింది. "పోనీలెండి, వయసు మీద పడింది. తప్పేముంది? 'వయసు వల్ల జరిగిన పొరపాటు' అని రాద్దాం. మిమ్మల్ని ఎవరేమంటారు?"

"ఆ మాట కుదరదని చెప్పానుగా."

"మావయ్యా, వద్దు" అంది కోడలు. ఎందుకు వద్దంటోందో ఆమెకే తెలియదు. "మొదటి షీటు మీద సంతకం లేదు. మేకుకి లేదు. నేను చూశాను. మీరు చూసుకోకుండా వెళ్లిపోయారు, అంతే."

"సంతకం ఉందమ్మా."

మామగారు చొక్కా జేబులో చేయిపెట్టి, ఎనిమిది మడతలు పెట్టిన కాగితం తీశారు. ఒక్కొక్క మడతా విప్పి బల్లమీద పరిచారు. పెద్ద షీటు. ఎడమన గడప, కుడిన పందిరి. రెండు మొహాలూ పక్కపక్కన. ఆయన దాన్ని వెనక్కి తిప్పారు. తారుమారైన రెండు మాటలూ పక్కపక్కన. మూల ఎర్ర పెన్సిలుతో సంతకం, కింద బుధవారం తేదీ.

"అందుకా!" అంది అత్తగారు. "అందుకా చొక్కా ఉతకనివ్వంది!"

సంతకం ఎప్పటిలా మూలనే ఉన్నా, ఆరోజు ఆ పెన్సిలు అక్కడితో ఆగలేదు. రెండు మాటల్లోనూ ప్రతి వరస కిందా సన్నగా ఎర్రగీత ఉంది. చూపు తగ్గిన మనిషి గీసిన గీతలు కావవి. ఒక్కటీ అక్షరాన్ని తాకలేదు.

"చదివే పెట్టారా?" మైకు గొంతు గొణుగుడుకి దిగింది. "తెలిసే?"

"నలభై ఏళ్లలో చదవకుండా ఏనాడు పెట్టాను?"

"పార్టీకి... మీరు పార్టీకి ద్రోహం చేశారు పెద్దాయనా!"

"రెండు పార్టీలకీ చేశాను. ఒక్కదానికే చేస్తే ద్రోహం అను." మామగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఈ ఊళ్లో రెండు కరపత్రాలూ చదివేవాణ్ణి నేనొక్కణ్ణేనయ్యా. తప్పులు దిద్దాలి కాబట్టి చదువుతాను. మిగతా వాళ్లంతా ముందు బొమ్మ చూస్తారు. మనవాడైతే దాచుకుంటారు, కాకపోతే చింపేస్తారు. వెనక ఏముందో ఏ ఇంట్లోనూ తిప్పి చూడరు. నీళ్లు లేక అవతల జనం అల్లాడుతుంటే కూడా బొమ్మ చూసే ఓటేస్తారా అనిపించింది. ఒక్కసారి, ఒక్కసారైనా అటువాళ్లది ఇటు, ఇటువాళ్లది అటు చదివితే ఏమవుతుందో చూద్దామనిపించింది. చూశాను. ఇస్తానన్న కండక్టరు నిజం చెప్పాడు. ఇవ్వనన్న దర్జీ కూడా నిజమే చెప్పాడు. పదిరోజుల్లో ఊళ్లో ఎవరైనా నిజం చెప్పడం ఇవాళే విన్నాను."

"ఇంతకీ మీరెటు వేస్తారు మావయ్యా?" కోడలు ఆగలేకపోయింది.

ఆయన చెప్పబోయారు. మైకు ఫోను మోగింది. తెరమీద నాయకుడి పేరు. మైకు దాన్ని ఎత్తలేదు, కట్ చేయలేదు. అరచేతిలో పెట్టుకుని మోగనిచ్చాడు.

మామగారు కాగితం దగ్గరికి లాక్కుని, అది తను తెలిసే చేసిన పని అని నిలబడే ఆఖరి వరస రాసేశారు. ఈసారి కొట్టివేత లేదు. కోడలి చేతికిచ్చారు. ఆమె అక్షరాలు కూర్చి, ప్లేటు తీసి, బిగించింది. దానికి అరగంట పట్టింది. ఈలోగా అత్తగారు మైకుకి ఒక కుర్చీ చూపించింది. అతను కూర్చోలేదు.

మొదటి షీటు బయటికొచ్చింది. తడి ఇంకు వాసన.

కోడలు అలవాటుగా దాన్ని మామగారి ముందు పెట్టింది. ఆయన ముట్టుకోలేదు.

"నేను పెట్టకూడదమ్మా ఇవాళ. నా గురించి నేను రాసింది నేనే సరిచూడటం ఈ ప్రెస్సులో పద్ధతి కాదు." ఎర్ర పెన్సిలు ఆమె వైపు చాచారు. "నువ్వు పెట్టు."

నలభై ఏళ్లలో ఆ పెన్సిలు ఇంకొకళ్ల చేతికి వెళ్లలేదు. కోడలు దాన్ని పట్టుకుని షీటు వైపు చూసింది. సంతకం పెడితే మధ్యాహ్నానికి ఇది ఊరంతా వెళ్తుంది. పార్టీ ఆఫీసులో గోడవార కుర్చీ ఈ సాయంత్రమే పోతుంది. కండక్టరు తన నాయకుడు ఆ మాట అనలేదని తెలుసుకుంటాడు, అప్పుడు మళ్లీ నోరు కుట్టుకుంటాడో, తన మాట తనే నిలబెట్టుకుంటాడో ఎవరూ చెప్పలేరు. వంతెన మీద జానెడు ఎడం అలాగే ఉండిపోవచ్చు. పెట్టకపోతే ఆదివారం దాకా ఊరు ఒక అబద్ధాన్ని పట్టుకుని ఓటేస్తుంది, ఆ అబద్ధం బహుశా నీళ్లిస్తుంది.

"సంతకం పెట్టకమ్మా" అన్నాడు మైకు, ఎన్నడూ లేనంత మెల్లగా. అతని చేతిలో ఫోను మళ్లీ మోగుతోంది. "నీకూ అదే మంచిది. మీ పందిరికీ అదే మంచిది. ఆలోచించుకో."

కోడలు వంగి, పెన్సిలు మొన షీటు మూలకి ఆనించింది. మామగారి చేయి ఆమె మణికట్టు మీద పడింది.

"అలా కాదు" అన్నారు. "చదివి పెట్టమ్మా."